డెబ్బై రెండో గీత హాజరు

చదివేవాళ్లు ముందుగా నన్ను మన్నించాలి. నా రాతలో ఒక అక్షరం కింద ఉండాల్సిన ఒత్తు పక్క అక్షరం కింద ఉంటుంది. దీర్ఘం పెట్టానో లేదో వెనక్కి చూసుకునే లోపల చెప్పదలుచుకున్నది మర్చిపోతాను. ఈ కాస్త రాయడానికి నాకు ఎండాకాలం మొదలుపెడితే శ్రావణం దాకా పట్టింది. తప్పులు పక్కింటి మస్తాన్‌బీ దిద్దింది. ఇంకా మిగిలి ఉంటే అవి నావే. కంపెనీ గురించి రాసిన సంగతుల్లో మాత్రం తప్పు లేదు. ఆఫీసు మాటలన్నీ వాళ్ల కాగితాల్లో చూసి రాసినవే.

మా కంపెనీలో ఎండ నుంచి కరెంటు తీసే పలకలు చేస్తారు. కంపెనీలో సర్కారు వాటా కొంత, షావుకార్ల వాటా కొంత ఉంది. అందువల్ల సర్కారు వాళ్ల నిబంధనలూ ఉన్నాయి, షావుకార్ల సరదాలూ ఉన్నాయి. పలక అంటే అరచేతి కన్నా కాస్త పెద్దది, నీలం రంగుది, ఎండిన తమలపాకంత పెళుసుది. దాని మీద ఎండ పడితే కరెంటు పుడుతుంది. పుట్టిన కరెంటు పుట్టినచోటే ఉంటే ఎవరికీ ఉపయోగం లేదు కాబట్టి, దాన్ని పోగుచేసి బయటికి తేవడానికి పలక మీద సన్నటి వెండి గీతలు అచ్చు వేస్తారు. చేలో నీళ్లకు కాలువలు తీసినట్టు అనుకోండి. పలక మీద ఒక తెర ఆనిస్తారు. తెరలో గీతల కోసం సందులు ఉంటాయి. తెర మీద వెండి పేస్టు వేసి రబ్బరు పట్టీతో ఒక్కసారి లాగితే, పేస్టు ఆ సందుల్లోంచి దిగి పలక మీద నూరు గీతలై పడుతుంది. ఒక్కో గీత వెంట్రుక కన్నా సన్నం. తర్వాత పలకను కొలిమిలో కాలుస్తారు.

మా ఆయన చెంగయ్య ఆ అచ్చు హాల్లో తెరలు తుడిచేవాడు, పేస్టు వేసేవాడు.

ఒకసారి ఎక్కడో ఒక పలకలో ఒక గీత తెగింది. కొన్నవాళ్లు ఫిర్యాదు రాశారు. తప్పెవరిదని విచారణ జరిపితే అందరిదీ అని తేలింది. అందరిదీ అంటే ఎవరిదీ కాదని హైదరాబాదు నుంచి వచ్చిన కమిటీ చాలా బాధపడింది. ఆ బాధ తీర్చడానికి కోటు వేసుకున్న శిక్షకుడు ఒకాయన వచ్చాడు. అందరినీ షామియానా కింద కూర్చోబెట్టి, “ఈ గీత నాది అని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలిగిన మనిషి ఇక్కడ ఒక్కరైనా ఉన్నారా?” అని అడిగాడు. ఎవరూ లేరు. “అదే మన జబ్బు!” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

మరుసటి వారం గోడ మీద కాగితం అంటించారు. “ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, పలకపై ముద్రింపబడు ప్రతి గీతకు ఒక యజమాని ఉండవలెను. సదరు గీత యొక్క క్షేమమునకు సదరు యజమానియే బాధ్యుడు.”

నూరు గీతలూ ఒక్క లాగుకే పడతాయి. ఎవరి గీత వాళ్లు విడిగా వేసుకునే వీలు లేదు. అయినా ఎవరి గీత వాళ్లదే. నడిమి గీతలు పెద్ద సర్వీసు ఉన్నవాళ్లకి ఇచ్చారు. అంచు గీతలు మెమోలు పడినవాళ్లకి ఇచ్చారు. అంచు నుంచి నడిమికి మార్చమని సిఫార్సు కాగితాలు కూడా వచ్చాయి.

ఆ రోజు ఆయన ఇంటికి వస్తూనే, “ఏం మే పెంచలా, నాకు డెబ్బై రెండు పడింది” అన్నాడు.

“ఏంది పడింది? చీటీ పాటా?”

“గీత మే, గీత. ఇంక దాని మంచీ చెడ్డా అంతా నాదే.”

“ఇన్నేళ్ల కాపురంలో ఇంటి మంచీ చెడ్డా ఏదీ నీది కాలేదే. వెంట్రుకంత గీతకి నువ్వు యజమానివా?”

“నవ్వు మే, నవ్వు. డెబ్బై ఒకటి ఎవురిదో తెలుసా? మన మస్తాన్‌బీది. ఇంటి పక్కనా ఆమే, గీత పక్కనా ఆమే.”

నేను నవ్వానే గానీ ఆయన నవ్వలేదు. ఆ తర్వాత బజారుకి పోయినా, పెళ్లికి పోయినా, ఏ మిద్దె మీద సోలారు పలక కనబడినా ఆగిపోయి, మెడ చాచి, తన గీత ఎట్లా ఉందో చూసేవాడు. ఆ పలకలు వేరే కంపెనీవి అని చెప్పినా వినేవాడు కాదు.

అప్పుడు కమిటీకి ఇంకో బెంగ వచ్చింది. యజమాని సెలవులో ఉన్న రోజున గీత తెగితే సంజాయిషీ ఎవరు ఇస్తారు? మళ్లీ కూర్చున్నారు. మళ్లీ కాగితం అంటించారు. “యజమాని మంజూరైన సెలవులో ఉన్న దినమున సదరు గీతను ముద్రించరాదు. సదరు గీత విధులను పక్క గీత పూర్తి అదనపు బాధ్యతగా నిర్వహించవలెను.”

దాంతో రోజూ పొద్దున్నే సూపర్‌వైజరు సెలవు చీటీలు పట్టుకుని వచ్చి, ఎవరెవరు రాలేదో చూసి, తెరలో వాళ్ల సందులకి టేపు అంటించేవాడు. ఒకామె కాన్పుకి పుట్టింటికి పోతే ఆమె గీత కూడా ఆరు నెలలు పోయింది. ఇంకొకాయన బిడ్డకి చెవులు కుట్టించడానికి పోతే ఆయన గీతా పోయింది. పలకలు పళ్లూడిన నోళ్ల మాదిరి తయారయ్యేవి. గీత లేనిచోట పుట్టిన కరెంటు పక్క గీతదాకా నడిచి పోవాల్సి వచ్చేది. కొంత చేరేది, కొంత దారిలోనే పోయేది. దారిలో పోయినదాన్ని కమిటీ ‘ప్రయాణ నష్టం’ కింద రాసుకుంది. వెండి మిగిలిందని లెక్కల విభాగం వాళ్లు సంతోషించారు.

హాజరు పద్ధతి కూడా మారింది. వేలిముద్ర మిషన్ పీకేశారు. గీతల్ని చూసే కెమెరా ఎటూ ఉంది కదా, దానికే హాజరు పని కూడా అప్పగించారు. గీత పడితే యజమాని వచ్చినట్టు. పడకపోతే రానట్టు.

శ్రావణ మాసంలో ఒక పొద్దున ఆయన క్యారియరు చేతికి తీసుకుని, గడప దాటబోయి, మళ్లీ లోపలికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. “కాసిని మంచినీళ్లియ్యి మే” అన్నాడు. నేను చెంబు తెచ్చే లోపల పోయాడు.

కంపెనీ నుంచి వ్యాను వచ్చింది. సిబ్బంది వ్యవహారాలు చూసే సదాశివరావు గారు పూలదండ వేసి, “తీరని లోటు” అని కాగితంలో చూసి చదివారు. నేను ఏడుస్తూ ఆ మాట నిజమే అనుకున్నాను.

కర్మకాండ అయిపోయిన తర్వాత ఒక కవరు వచ్చింది. నాకు అప్పటికి చదవడం రాదు. మస్తాన్‌బీని పిలిచాను. ఆమె చదివి, మళ్లీ మొదటి నుంచి చదివింది.

“అక్కా, ఇది చెంగయ్యన్నకి వచ్చింది.”

“ఆయనకేంది?”

“మొన్న డెబ్బై రెండో గీత తెగిందంట. ఎందుకు తెగిందో సంజాయిషీ చెప్పుకోవాలంట.”

“మొన్నా? మొన్నటికి ఆయన బూడిద కూడా ఏట్లో కలిపేసినాం కదే!”

“అదే నేనూ చూస్తా ఉండా. కింద సంతకం సదాశివరావు సార్‌దే.”

ఆఫీసుకి పోయాను. సదాశివరావు గారు మంచివారు. కుర్చీ చూపించి, “కూర్చోండమ్మా. చెంగయ్య గారి హాజరు చాలా బాగుంది” అన్నారు.

“అయ్యా, ఆయన పొయ్యాడు. తమరే దండ తెచ్చి వేసినారు.”

“వేశాం. ఆ బిల్లు కూడా పాసైంది. కానీ ఆయన సెలవు పెట్టలేదమ్మా.”

“పొయ్యే మనిషి సెలవు యాడ పెడతాడయ్యా?”

“అక్కడే వచ్చింది ఇబ్బంది. మన నిబంధనల్లో సాధారణ సెలవు ఉంది, ఆర్జిత సెలవు ఉంది, వైద్య సెలవు ఉంది, ప్రసూతి సెలవు ఉంది. మరణం అనే సెలవు లేదు. సెలవు లేనప్పుడు గీత ఆపడానికి వీల్లేదు. గీత పడుతోంది. గీత పడుతోంది కాబట్టి ఆయన వస్తున్నారు.”

నేను చీర కొంగులో చుట్టి తెచ్చిన మరణ ధ్రువపత్రం తీసి బల్ల మీద పెట్టాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని శ్రద్ధగా చూశారు.

“ఈ పత్రం సక్రమంగానే ఉంది. చెంగయ్య గారు మరణించినట్టు చెబుతోంది. విధులకు రానట్టు ఎక్కడా చెప్పడం లేదు.”

“వస్తా ఉండాడంటిరి కదా, మరి జీతం?”

“ఆయన వచ్చి సంతకం పెట్టి తీసుకోవచ్చు. ఎప్పుడైనా సరే.”

నేను అడగడానికి వచ్చింది వేరే. అప్పటిదాకా నేను రొయ్యల షెడ్డులో తలలు తుంచే పని చేసేదాన్ని. ఏళ్ల తరబడి ఐసులో చేతులు పెట్టి వేళ్లు వంగిపోయాయి. షెడ్డు వాళ్లు ఇక రావద్దని చెప్పేశారు. మొగుడు పోయిన మనిషికి ఆ కంపెనీలోనే పని ఇచ్చే పద్ధతి ఒకటుందని, దాన్ని కారుణ్య నియామకం అంటారని మస్తాన్‌బీ చెప్పింది. నాకు ఆ పని కావాలి. అది వస్తే బతుకుతాను. లేకపోతే కూతురి అత్తగారింట్లో ఒక మూల చూసుకోవాలి.

ఆ మాటే అడిగాను. సదాశివరావు గారు నిజంగానే బాధపడ్డారు.

“కారుణ్యానికి మేం ఎప్పుడూ సిద్ధమే. కానీ పోస్టు ఖాళీ ఉండాలి కదమ్మా. డెబ్బై రెండులో మనిషి ఉన్నారు. పోనీ రేపెప్పుడో ఖాళీ వస్తుందనుకుందాం. మీకు చదవడం రాయడం వచ్చా?”

“రాదయ్యా.”

“అయితే ముందు అది చూసుకోండి. ఖాళీ సంగతి దేవుడు చూసుకుంటాడు.”

దేవుడు తన వంతు ముందే చేశాడని నాకు నోటిదాకా వచ్చింది. అడిగేదాన్ని కాబట్టి మింగేశాను.

మస్తాన్‌బీ శుక్రవారం మధ్యాహ్నాలు నాకు అక్షరాలు నేర్పింది. ఇంట్లో పుస్తకాలు లేవు. కంపెనీ కాగితాలు మాత్రం బోలెడన్ని ఉన్నాయి. వాటి వెనక రాయడం, వాటి ముందు చదవడం. అందుకే నాకు ఆవు, ఈగ రాయడం రాకముందే ‘సదరు’ రాయడం వచ్చింది.

“ఏందక్కా ఈ ‘ణ’? రొయ్య తోక మాదిరి ఉండాదే!”

“నా చేతికి అలవాటైంది రొయ్యలే కదా మే.”

“నువ్వు తలలు తుంచేదానివి కదా. ఈ తోకలు కూడా తుంచరాదా?”

అట్లా తిట్లు తింటూ నేర్చుకున్నాను. దసరాకి నా పేరు వచ్చింది. కార్తీకానికి ఆయన పేరు వచ్చింది. ఆ లోపల ఆయనకి ఇంకా మెమోలు వచ్చాయి. చివరి మెమో నేనే కూడబలుక్కుని చదువుకున్నాను. గీత బాగా పడుతున్నదని, ఇదే విధముగా కొనసాగవలెనని అందులో ఉంది.

గంగమ్మ జాతర వచ్చింది. జాతర రోజు మా చుట్టుపక్కల ఊళ్లలో పొయ్యి మీద పొంగలి తప్ప ఇంకే పనీ సాగదు. అచ్చు హాల్లో అందరూ సెలవు పెట్టారు. అన్నీ మంజూరయ్యాయి. పొద్దున సూపర్‌వైజరు ఒంటరిగా వచ్చి చూసుకుంటే తొంభై తొమ్మిది సెలవు చీటీలు ఉన్నాయి. ఆయనకి సొంత గీత లేదు కాబట్టి సెలవు ఇవ్వలేదు. హాలు మూసేద్దామా అని సదాశివరావు గారికి ఫోన్ చేశాడు.

“అందరూ సెలవేనా?”

“చెంగయ్య తప్ప సార్.”

“ఆయన ఉన్నారు కదా. ఉన్నవారితో నడిపించండి.”

సూపర్‌వైజరు తొంభై తొమ్మిది సందులకి టేపు అంటించి మిషన్ నడిపాడు. నీలం పలక మీద ఒకే ఒక్క వెండి వెంట్రుక. సాయంత్రం దాకా అవే పడ్డాయి. ఇవతల మేమంతా అమ్మవారి ముందు డప్పుల మోతలో ఉంటే, ఆయన ఒక్కడే పనిలో ఉన్నాడు.

ఆ పలకలు ఎవరికి పంపాలో తేలక మా ఆఫీసు మిద్దె మీదే బిగించారు. ఆ తర్వాత ఆ కరెంటుతో సదాశివరావు గారి గదిలో ఫ్యాను రెక్కలు విడివిడిగా కనబడేట్టు తిరిగేది. ఆయన సర్క్యులర్లతో విసురుకుంటూ పైకి ఒక నివేదిక పంపారు. నూరు గీతలు చేయవలసిన పనిని ఒకే గీత పూర్తి అదనపు బాధ్యతతో నిర్వహించినదని, గాలి తక్కువైనప్పటికీ నిష్ఠ తక్కువ కాలేదని అందులో రాశారు. అది చదివి జనరల్ మేనేజరు గారి కళ్లు చెమ్మగిల్లాయట.

మేడే నాడు సభ పెట్టారు. ఆదర్శ గీత యజమాని అవార్డు. మైకులో పిలిచారు. “శ్రీ చెంగయ్య గారు వేదిక మీదికి రావలసిందిగా కోరుతున్నాం.”

ఎవరూ లేవలేదు. ఇంకోసారి పిలిచారు.

వెనక వరసలోంచి ఎవరో కేకేశారు. “రాడులే సార్, డ్యూటీలో ఉండాడు!”

షామియానా అంతా నవ్వింది. జనరల్ మేనేజరు గారు మాత్రం తల ఊపి మెచ్చుకున్నారు. “చూశారా, సొంత సన్మానానికి కూడా పని వదిలి రాలేదు. ఈయన ఒక్కరోజు కూడా ఆలస్యంగా రాలేదు. మధ్యలో టీకి వెళ్లలేదు. పక్కవాళ్లతో కబుర్లు పెట్టుకోలేదు. ఏ యూనియన్‌లోనూ కనబడలేదు. మీరందరూ ఆయన దారిలో నడవాలని నా ఆకాంక్ష.”

“అందరం నడుస్తాం సార్, ఎప్పటికైనా!” అని అదే గొంతు.

శాలువా నాకు కప్పారు. నేను మైకు పట్టుకున్నాను. చెప్పాల్సింది ఒక్కటే కాబట్టి చెప్పేశాను.

“అయ్యా, శాలువా నాకొద్దు. ఆయన పని నాకియ్యండి. చదవడం రాయడం కూడా నేర్చుకొని ఉండా.”

జనరల్ మేనేజరు గారు విస్తుపోయారు. “ఏమమ్మా, ఇంత మంచి ఉద్యోగిని తీసేయమంటారా? మీరు ఆయన భార్యేనా?”

ఇన్నాళ్లు నేర్చుకున్న అక్షరాల్లో ఆ మాటకి పనికొచ్చేది ఒక్కటీ లేదు. మెట్లు దిగిపోబోతుంటే మస్తాన్‌బీ లేచి నిలబడింది.

“సార్, నూరు గీతల బరువు ఆ అన్న ఒక్కడి మీద వేస్తిరి. సాయానికి ఒక మనిషినన్నా ఇయ్యరా? రేపు ఆయనకేమన్నా అయితే ఎవురు జవాబు?”

ఆమె ఎగతాళికే అన్నది. వేదిక మీద మాత్రం ఎవరూ నవ్వలేదు. జనరల్ మేనేజరు గారు సదాశివరావు గారి వైపు చూశారు. సదాశివరావు గారు నిబంధనల పుస్తకం తిరగేశారు. యాభై గీతలకు మించి అదనపు బాధ్యత వహించిన ఉద్యోగికి ఒక సహాయకుని పొందు అర్హత కలదని అందులో ఉంది. ఆ వెసులుబాటు వాడుకున్నవాళ్లు అంతవరకూ లేరు.

మరుసటి సోమవారం నాకు పరీక్ష పెట్టారు. సదాశివరావు గారు చెప్పింది చెప్పినట్టు రాశాను. ‘సదరు’ ఐదు చోట్ల వచ్చింది, ఐదు చోట్లా తప్పు లేదు. ఆయన ముచ్చటపడి అక్కడికక్కడే ఉత్తర్వు ఇచ్చారు. శ్రీ చెంగయ్య గారి ప్రత్యక్ష పర్యవేక్షణలో సహాయకురాలిగా నియామకం.

నా పని తెరలు తుడవడం, పేస్టు వేయడం. ఆయన చేసిన పనే. అంటే పని నేను చేస్తాను, పెత్తనం ఆయన చేస్తాడు. మా ఇంట్లో మొదటినుంచీ ఉన్న ఏర్పాటే కాబట్టి కొత్తగా అనిపించలేదు. మొదటి రోజు నేను పేస్టు వేసిన తర్వాత వచ్చిన పలకని మస్తాన్‌బీ భూతద్దం కింద పెట్టి, “ఇదక్కా, చెంగయ్యన్నది” అని చూపించింది. చాలాసేపు చూశాను. మొదలు నుంచి చివరిదాకా ఎక్కడా తెగలేదు.

మళ్లీ శ్రావణం వచ్చింది. ఆయన సంవత్సరీకం దగ్గర పడింది. ఒక్కరోజు సెలవు కావాలని సదాశివరావు గారి దగ్గరికి పోయాను.

“తప్పకుండా తీసుకోవాలమ్మా. కాకపోతే దరఖాస్తు మీ పై అధికారి ద్వారా రావాలి.”

“పై అధికారి ఆయనే కదయ్యా. సెలవు ఆయన సంవత్సరీకానికే.”

“అయితే కారణం ఆయనకి వేరే వివరించాల్సిన పనిలేదు.”

“ఆయన జవాబు ఇయ్యకపోతే?”

“కాదనలేదంటే పరిశీలిస్తున్నట్టు.”

“పోనీ, చెప్పకుండా మానేస్తేనో?”

సదాశివరావు గారు చుట్టూ చూసి గొంతు తగ్గించారు. “ఆ పని చేయకండి. మీరు చేరాక పేస్టు వేసే పని మీ పేరునే ఉంది, ఇంకెవరూ ముట్టుకోకూడదు. పేస్టు లేకపోతే డెబ్బై రెండు పడదు. పడకపోతే చెంగయ్య గారికి గైర్హాజరు పడుతుంది. ఒక్కసారి ఆయన రాలేదని తేలితే ఇక ఆయన లేనట్టే. ఆయనే లేకపోతే ఆయనకి సహాయకురాలు ఎందుకని పైవాళ్లు అడుగుతారు.”

ఆయన నా మంచికోరే చెప్పారు. ఇంటికి వచ్చి దరఖాస్తు రాసుకున్నాను. బతికున్నన్నాళ్లూ నేను ఆయన్ని నువ్వు అనే పిలిచాను. ఆఫీసు కాగితం కాబట్టి తమరు అని రాయాల్సి వచ్చింది.

“అయ్యా, తమరి సంవత్సరీకం సందర్భముగా నాకు ఒక దినము సెలవు మంజూరు చేయవలెనని ప్రార్థన. ఆ దినమున తమరి గీతకు ఇబ్బంది కలుగునని తెలిసియే అడుగుచున్నాను. వంట కూతురు చేయును. నేను వచ్చి కూర్చున్న చాలును. ఇట్లు తమ విధేయురాలు.”

హాల్లో ఆయన పేరు రాసిన ట్రేలో పెట్టి, గాలికి ఎగరకుండా పైన పేస్టు డబ్బా మూత ఉంచాను. సంవత్సరీకం ఈ గురువారం. దరఖాస్తు ఆయన పరిశీలనలో ఉంది.

ఊటుకూరు పెంచలమ్మ,
వయసు యాభై ఆరు,
ప్రస్తుతం ఉండేది కంపెనీ వెనక రేకుల కాలనీ, బోరింగు పక్క ఇల్లు, నెల్లూరు జిల్లా.